అలవాటు లేని పాట, అర్థం కాని బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో ఏడెనిమిది మందిమి కూర్చుని సంగీతం వింటున్నాం. ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఎలక్ట్రీషియన్, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, మా పిన్ని, నేను. ఎవరి వంతు వస్తే వాళ్లు మిగతావాళ్లకి అలవాటు లేనిదేదైనా వినిపించాలి. నెలకోసారి మ్యూజియంకో బొమ్మల ప్రదర్శనకో వెళ్తాం. కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాను, వినేదాన్ని మాత్రమే. ఈ జవాబులు కూడా విని, చూసి తెలుసుకున్నవే.

సినిమా పాటలు నాకు చాలు. వేరేవి ఎందుకు వినాలి?

వినకపోతే ఎవరూ ఏమీ అనరు. సినిమా పాట తక్కువదని మా ఇంట్లో ఎవరూ అనుకోరు కూడా. నేను ఎందుకు మొదలుపెట్టానో చెప్తాను.

మా తాతయ్యకి పద్యనాటకాలంటే ప్రాణం. గోదావరి పక్క మా ఊళ్లో తీర్థం జరిగితే తెల్లవార్లూ కురుక్షేత్రం ఆడేవాళ్లు. రాయబారం సీను రాగానే ఆయన నిటారుగా కూర్చునేవాడు. కృష్ణుడు పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తుంటే జనం 'వన్స్ మోర్' అని అరిచేవాళ్లు, అతను మళ్లీ అదే పద్యం మొదలుపెట్టేవాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. కథ ముందుకి నడవకుండా ఈ 'ఆ... ఆ...' ఏమిటని చిరాకు పడి, ఆయన తువ్వాలు తల కింద పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

తాతయ్య పోయిన చాలా ఏళ్లకి ఒక నాటక పోటీలో మళ్లీ పద్యం విన్నాను. పద్యం అయిపోయాక నటుడు రాగాన్ని పైకి తీసుకెళ్లి, ఊపిరి అయిపోతుందేమో అనిపించే దాకా నిలబెట్టి, అక్కడి నుంచి మెల్లగా కిందికి దించి ఆపాడు. పక్కన కూర్చున్న పెద్దాయన 'అదీ' అన్నాడు. తాతయ్య నిటారుగా కూర్చుని ఎదురు చూసింది దీని కోసమే అని అప్పుడు తెలిసింది. ఆయనతో ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడలేకపోయానే అనే బాధ ఇప్పటికీ ఉంది. మన ఇంట్లో మనిషికి ఏది ఇష్టమో తెలియడం వేరు, అందులో ఆ మనిషికి ఏం వినపడుతోందో తెలియడం వేరు. ఈ రెండోదాని కోసమే ఈ ప్రయత్నమంతా.

వింటే ఏమీ అనిపించడం లేదు. నా చెవిలోనే లోపమా?

కాదు. ఏది తియ్యగా వినపడాలో చాలావరకు మనం పెరిగిన చోటే నేర్పుతుంది. బొలీవియాలో అమెజాన్ అడవుల దగ్గర చిమానే అనే తెగవాళ్లున్నారు. పాశ్చాత్య సంగీతం విని పెరిగినవాళ్లు 'ఇవి కలిశాయి', 'ఇవి గీసుకుంటున్నాయి' అని వెంటనే చెప్పే స్వరాల జతలు వాళ్లకి వినిపించి, ఎలా ఉన్నాయని అడిగారు. 2016లో వచ్చిన పరిశోధన అది. చిమానేలకి రెండు రకాలూ ఒకేలా బాగున్నాయి. చెవి అందరిదీ ఒకటే, అలవాట్లు వేరు.

మా గుంపులో ఒక మాట వాడతాం: పట్టు. ప్రతి కళలోనూ వినేవాడు పట్టుకోవాల్సిన చోటు ఒకటి ఉంటుంది. సినిమా పాటలో మన పట్టు ట్యూను, మాటలు, గొంతు. ఆ మూడింటినీ వెతుక్కుంటూ సితార్ మీద తాళం లేకుండా రాగాన్ని మెల్లగా విప్పే ఆలాప్ దగ్గరికి వెళ్తే మాటలు లేవు, పాడుకోవడానికి ట్యూను లేదు, గొంతూ లేదు. ఖాళీ చేతులతో వస్తాం. అక్కడ పట్టు వేరే చోట ఉంది. అది ఎక్కడుందో తెలిసినవాళ్లు ఒక్క వాక్యంలో చెప్పగలరు. ఆ ఒక్క వాక్యం చెప్పే మనిషి దొరకకే చాలామంది 'ఇది నాకు పడదు' అని ఊరుకుంటారు.

కచేరీలో ఒకే లైనుని పదిసార్లు పాడతారెందుకు?

మమ్మల్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. కర్ణాటక సంగీతంలోకి వెళ్లడానికి ఇంతకంటే మంచి తలుపు లేదని నా నమ్మకం.

పదిసార్లూ ఒకేలా పాడరు. మొదటిసారి పల్లవి సాదాగా వస్తుంది. రెండోసారి ఎక్కడో ఒక మాట దగ్గర చిన్న మెలిక పడుతుంది. మూడోసారి ఆ మెలిక అలాగే ఉండి, లైను చివర ఇంకొకటి చేరుతుంది. అయిదారు సార్లయ్యేసరికి అదే లైను మొదట్లో లేని ఎత్తుకి వెళ్లి, మళ్లీ మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది. వీటిని సంగతులంటారు. త్యాగరాజస్వామి (1767–1847) కృతుల్లో ఇవి పుష్కలంగా ఉంటాయి. ఆయన ఉన్నది తమిళదేశంలో కావేరి ఒడ్డున తిరువయ్యారులో, రాసింది ఎక్కువగా మన తెలుగులో.

ఒక పని చేయండి. త్యాగరాజ కృతి ఏదైనా పెట్టుకుని పల్లవి వరకే వినండి. రెండు, మూడు నిమిషాలు చాలు. ఒక్కో సంగతి వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవండి. ఏం మారిందో చెప్పలేకపోయినా ఫర్వాలేదు, మారిందని తెలిస్తే చాలు. మా ఎలక్ట్రీషియన్ మొదటి రోజు రెండు వేళ్లు ముడిచాడు. నెల తిరిగేసరికి అదే పాటకి ఏడు ముడిచాడు. పాటలో ఆ ఏడూ మొదటి రోజు కూడా ఉన్నాయి.

ఇది పట్టుబడ్డాక నెరవల్ వినండి. అందులో సాహిత్యంలో ఒకే లైను తీసుకుని, తాళం మారకుండా, మాటల్ని వాటి చోట్ల అట్టే పెట్టి, రాగాన్ని మాత్రం అప్పటికప్పుడు కొత్తగా అల్లుతారు. సంగతులు ముందే కట్టి ఉంచినవి, నెరవల్ ఆ సాయంత్రం ఆ వేదిక మీద పుట్టేది. నిన్నటి కచేరీలో విన్నది ఇవాళ దొరకదు.

మాటలు తెలుగే అయినా అర్థం కావడం లేదని కొందరు అంటారు. ముందు సాహిత్యాన్ని మామూలు వచనంలా ఒకసారి చదువుకుని కూర్చోండి. కచేరీలు వినే చాలామందికి లేని సౌకర్యం, ఆ భాష రావడం, మనకి ఉంది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎంతోమంది తెలుగు రాకుండానే ఆ తెలుగు పాటల్ని నోటికి నేర్చుకుని పాడతారు.

తాళం వేయడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు గాని, వేస్తే మనసు పక్కకి పోదు. ఎక్కువ వినపడేది ఆది తాళం, ఎనిమిది లెక్కలు. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఆపైన దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. పది నిమిషాల్లో వస్తుంది. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే చాలామంది కాఫీకి లేస్తారు, అది చూస్తే నాకు మనసు ఉసూరుమంటుంది. చేత్తో ఆది తాళం వేస్తూ అది వినండి. మృదంగం మీ లెక్కకి ఎదురు తిరిగినట్టు, దారి తప్పినట్టు అనిపించి, చివర ముక్తాయి అనే ముగింపు ముక్క మూడుసార్లు తిరిగి సరిగ్గా మీ చెయ్యి పడాల్సిన చోట పడుతుంది. ఆ క్షణం కోసం నేను రెండు బస్సులు మారి వెళ్లిన రోజులున్నాయి.

రాగాలు గుర్తుపట్టడం రావాలా?

అక్కర్లేదు. పక్కవాళ్లు చెవిలో రాగం పేరు చెప్తుంటే టెన్షన్ పడేవాళ్లని చూశాను. పేరు తెలియకుండా కూడా మామిడిపండు తినొచ్చు.

ఆసక్తి ఉంటే ఒక్కటి పట్టుకోండి: మోహనం. ఉన్నవి అయిదే స్వరాలు, స రి గ ప ద. హిందుస్తానీలో వీటినే భూప్ అనో భూపాలీ అనో పాడతారు. చైనా జానపదాల్లో, స్కాట్లాండ్ పల్లెపాటల్లో కూడా ఈ అయిదు మెట్లే ఎన్నోచోట్ల కనపడతాయి. స్వరాలు అవే, నడిపించే తీరు వేరు. ఒక సాయంత్రం మోహనంలో ఒక కృతి, భూప్‌లో ఒక బందిష్ (హిందుస్తానీలో కృతి లాంటిది), ఒక చైనా పాట వరసగా పెట్టాం. మూడోది వింటూ మా పిన్ని 'ఇది మన వైపు పాటలా ఉందే' అంది. ఆమెకి రాగాల పేర్లు ఇప్పటికీ తెలియవు.

హిందుస్తానీ మరీ నెమ్మది. ఎప్పుడు మొదలవుతుందా అని చూసేలోపు నిద్ర వస్తోంది.

చాలా నెమ్మదిగా సాగే విలంబిత్ ఖయాల్ అనే పద్ధతితో మొదలుపెడితే అలాగే ఉంటుంది. అందులో తాళం ఒక్క చుట్టు తిరగడానికే దాదాపు నిమిషం పట్టే సందర్భాలున్నాయి. భావమే ప్రధానంగా పాడే ఠుమ్రీతో మొదలుపెట్టండి. నాలుగైదు నిమిషాల పాత రికార్డులు చాలా ఉన్నాయి, మాట ఉంటుంది, భావం ఉంటుంది. ఒకే మాటని, ఉదాహరణకి 'రా' అనే పిలుపుని, బతిమాలుతూ ఒకసారి, అలిగి ఒకసారి, ఆశ వదులుకుని ఒకసారి పాడతారు. అక్కడ పట్టు అదే. బడే గులాం అలీ ఖాన్ గారి ఠుమ్రీలు వినండి. పంజాబులో కసూర్‌లో పుట్టిన ఆయన 1968లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు, ఇక్కడి మట్టిలోనే ఉన్నారు.

ఇంకో ఆయన గురించి కూడా చెప్పాలి. హిందుస్తానీలో కిరాణా ఘరానా అనే బాణీకి పెద్ద అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) దక్షిణాదికి వచ్చి కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా విన్నారు. ఖరహరప్రియ రాగంలో త్యాగరాజస్వామి కృతిని తన గొంతుతో రికార్డు కూడా ఇచ్చారు. తెలుగు ఉచ్చారణ మనం పలికినట్టు ఉండదు. అంత పేరున్న విద్వాంసుడు తనది కాని భాషలో, తనది కాని బాణీలో విద్యార్థిలా కూర్చోవడం ఆ మూడు నిమిషాల్లో వినపడుతుంది. నాకు ఎప్పుడు విన్నా కళ్లు చెమరుస్తాయి.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం విడియో గేముల చప్పుడులా ఉంది. ఏం వినాలి?

మన సంగీతంలో తంబూరా శ్రుతి మీద ఒక్క రాగధార నడుస్తుంది. వాళ్ల దగ్గర ఒకేసారి నాలుగైదు ధారలు నడుస్తాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, విడిపోయి, బిగువు పెంచి, సడలిస్తాయి. మన చెవి అలవాటుగా పైన ఉన్న ట్యూనునే పట్టుకుంటుంది, కిందివన్నీ చప్పుడుగా వదిలేస్తుంది. అందుకే ఖాళీగా ఉంటుంది.

ఇళయరాజా గారి పాటలు విన్నవాళ్లకి ఈ తలుపు సగం తెరిచే ఉంది. ఆయన మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. మీకు బాగా తెలిసిన ఆయన పాట ఒకటి తీసుకోండి. ఈసారి గాయకుణ్ణి వదిలేసి, కింద బేస్ గిటార్ ఏం చేస్తోందో అదొక్కటే వినండి. దానికి వేరే పాట ఉంది. పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు రెండు గుంపులుగా ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. వారం రోజులు ఇలా విన్నాక జర్మన్ స్వరకర్త బీతోవెన్ అయిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం కొన్ని భాగాలుగా రాసిన రచన) మొదటి భాగం పెట్టుకోండి, ఏడెనిమిది నిమిషాలే. మొదట్లోనే మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ వినపడతాయి. ఆ నాలుగూ ఆ భాగమంతా ఎన్ని వేషాల్లో వస్తాయో చూడండి. ఒకచోట కోపంగా, ఒకచోట గుసగుసగా, ఒకచోట అడుగున ఎవరికీ పట్టనట్టు. సంగతులు లెక్కపెట్టిన వేళ్లు ఇక్కడా పనికొస్తాయి.

ఆ సింఫనీని 1808 డిసెంబర్ 22న వియన్నాలో మొదటిసారి వినిపించారు. చలికి గడ్డకట్టే హాల్లో కచేరీ నాలుగు గంటల దాకా సాగింది. మొదటి శ్రోతలకి కూడా అది తేలిగ్గా దొరకలేదు.

'ఇది మనది కాదు' అనేవాళ్లకి ఒక మాట. వయొలిన్ మన వాయిద్యం కాదు. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ దాన్ని తెల్లవాళ్ల బాణీలో నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో ముందువాడు. అన్నగారు తెల్లవాళ్ల బ్యాండు ట్యూన్లు విని, ఇష్టపడి, వాటికి సంస్కృతంలో దేవతల మీద సాహిత్యం కట్టారు. నొట్టుస్వర సాహిత్యాలని అవి సుమారు నలభై ఉన్నాయి. బ్రిటిష్ రాజగీతం ట్యూను కూడా వాటిలో ఒకటి. ఇవాళ ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ వింటుంటే అది బయటి నుంచి వచ్చిన వాయిద్యమని ఎవరికైనా గుర్తొస్తుందా?

జాజ్?

మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లడం, నచ్చినవాళ్లకి జాజ్ దూరం కాదు. ముందు అందరూ కలిసి ట్యూను వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు దాని మీద సొంతంగా అల్లుతారు, చివర అందరూ ట్యూనుకి తిరిగి వస్తారు. ట్యూను మనసులో పాడుకుంటూ వినండి, దారి తప్పరు. శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ మన సంగీతం మీద ఇష్టంతో 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ గారి పేరు మీద రవి అని పెట్టుకున్నాడు.

ఆధునిక చిత్రం ముందు నిలబడితే 'ఇది దేని బొమ్మ?' అనే ప్రశ్న తప్ప ఇంకేమీ రావడం లేదు.

సంక్రాంతికి వాకిట్లో మెలికల ముగ్గు వేస్తారు. చుక్కల చుట్టూ గీత తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది. అది దేని బొమ్మ అని ఎవరైనా అడిగారా? గీత తెగకుండా వచ్చిందా, రెండు పక్కలా సమానంగా ఉందా, ఎక్కడైనా ఒత్తుగా పడిందా, ఇవే చూస్తాం. దేని బొమ్మా కాని బొమ్మని చూసి ఆనందించడం తెలుగు ఇళ్లలో ప్రతి ఆడపిల్లకీ వచ్చు.

మా అమ్మ 'నాకు పెయింటింగులు తెలియవు' అనేది. ఆమెని చీరల కొట్టుకి తీసుకెళ్తే పోచంపల్లి చీరల బొత్తి చూసి నిమిషంలో తేల్చేసేది. 'ఈ నీలానికి ఈ అంచు నప్పలేదు, కొంగులో ఆ ఎరుపు కాస్త తగ్గితే బాగుండు.' రంగు పక్కన రంగు ఏం చేస్తుందో, ఎంత జాగాలో ఎంత ఉండాలో అంత కచ్చితంగా చెప్పగలిగిన మనిషికి పెయింటింగు తెలియకపోవడం ఏమిటి? ఒకసారి గ్యాలరీలో ఆమెని దేని బొమ్మా కాని ఒక అమూర్త చిత్రం ముందు నిలబెట్టి, 'అమ్మా, ఇది చీర అనుకో' అన్నాను. చాలాసేపు చూసింది. 'కింద ఆ పసుపు లేకపోతే పడిపోయేది' అంది. ఆ చిత్రం గురించి ఇంతకంటే మంచి మాట నేను ఇంకెక్కడా వినలేదు.

చిత్రకారుడు ఎస్.హెచ్. రజా (1922–2016) గీసిన బిందువుల ముందు మా గుంపు చాలాసేపు నిలబడుతుంది. మధ్యప్రదేశ్ పల్లెటూళ్లో చిన్నప్పుడు కుదురు లేకుండా ఉంటే, బడిపంతులు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నారని ఆయన చెప్పేవారు. దశాబ్దాల పాటు ఫ్రాన్స్‌లో ఉన్నా ఆ చుక్క ఆయన్ని వదల్లేదు. ఆ నల్లటి గుండ్రాన్ని ఆయన చూసినంతసేపు కాకపోయినా అయిదు నిమిషాలు చూడండి. మ్యూజియంలో చాలామంది ఒక్కో బొమ్మ ముందు కొన్ని క్షణాలు నిలబడి, పక్కన చీటీ చదివి వెళ్లిపోతారు. చీటీ ఆఖర్న చదవండి. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి, మళ్లీ దూరం నుంచి చూడండి. ఏదో ఒక రంగుని మనసులో తీసేసి, ఏం పోయిందో చూసుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి అమూర్తంతో మొదలుపెట్టమని చెప్పను. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. గోదావరి మనుషులు, మన ఊళ్ల వెలుతురు ఉంటాయి. ఆ కుర్రాడి చేతిలో ఉన్నది ముందుగా గుర్తించినవాళ్లలో ఆ ఊరి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఒకరు. తన దేశపు బొమ్మలకి అలవాటు పడిన కళ్లతోనే ఆయన ఈ గీతలో గొప్పదనం చూడగలిగారు.

ఇలాంటివి మా పిల్లాడు కూడా గీస్తాడు.

గీస్తాడేమో. అయితే ఒకదాని తర్వాత ఒకటి యాభై గీయమనండి, ఎక్కడ ఆపాలో తెలుసుకుని ఆపమనండి. చెయ్యి తిరిగినవాడికి మామూలు గుర్రాన్ని గీయడం వచ్చు, వచ్చి కూడా దాన్ని వదిలి ఎందుకు ఇటు వచ్చాడన్నదే చూడాల్సింది. అదే చిత్రకారుడి తొలినాళ్ల బొమ్మలు పక్కన పెట్టుకుని చూస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. దొరకకపోతే ఆ బొమ్మ నిజంగా బాగుండకపోవచ్చు కూడా. ఆధునికం పేరుతో వచ్చిందంతా మెచ్చుకోవాలని ఎక్కడా లేదు.

తెలిసినవాళ్లు కూడా కొత్తదాన్ని తిట్టిన సందర్భాలున్నాయా?

చాలా. 1913 మే 29న పారిస్‌లో రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ సంగీతానికి నర్తకుడు నిజిన్‌స్కీ కూర్చిన బ్యాలే (నాట్యనాటకం) మొదటి ప్రదర్శనలో అరుపులు, ఈలలతో హాలు దద్దరిల్లింది. ఆర్కెస్ట్రా నడిపించింది పియెర్ మాంట్యూ. ఏడాది తిరక్కుండానే 1914 ఏప్రిల్‌లో అదే ఊళ్లో అదే మాంట్యూ నడిపించగా, నాట్యం లేకుండా సంగీతం మాత్రమే వాయించారు. జనం స్ట్రావిన్‌స్కీని భుజాల మీద ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్లారు. సంగీతంలో ఒక్క స్వరం కూడా మన చెవికి జాలిపడి మెత్తబడదు. మధ్యలో మారింది వినేవాళ్లే.

శాస్త్రీయం వినేవాళ్లం మేము. జానపదం, డప్పు ఇవన్నీ 'మాస్' కదా, వాటిలో వినడానికేముంది?

ఈ ప్రశ్నకి నాకు కోపం వస్తుంది, దాచుకోను. 'క్లాస్', 'మాస్' అనే మాటల కింద కులం ఉంది, ఏ వీధి వాళ్లు ఏ వాయిద్యం ముట్టుకోవచ్చన్న లెక్క ఉంది. ఆ లెక్కని చెవి దాకా రానివ్వకండి.

ముందు డప్పు తయారయ్యే తీరు చూడండి. వాయించబోయే ముందు దాన్ని మంట దగ్గర పట్టుకుని తోలు బిగిసే దాకా కాస్తారు. మధ్య మధ్యలో వేలితో కొట్టి చూస్తారు. కచేరీకి ముందు మృదంగం శ్రుతి చేసుకునేవాళ్లని చూసి తల ఊపే మనం, దీన్ని చలిమంటలా చూస్తాం. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల. పెళ్లికి ఒక దరువు, చావుకి ఒక దరువు, చాటింపుకి ఒకటి. దూరం నుంచి దరువు విని ఊళ్లో ఏం జరిగిందో చెప్పగల పెద్దవాళ్లున్నారు.

ఒగ్గు కథకి వెళ్లండి. కురుమ, గొల్ల కులాల ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్తారు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని చిన్న డమరుకం లాంటిది. ప్రధాన కథకుడు నిలబడి కథ చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి రాజవుతాడు, భుజం మీది గుడ్డ తల మీదికి లాగితే తల్లవుతాడు, పక్కవాడు కొడుకవుతాడు. ఇక్కడ పట్టు ఆ మారే క్షణం. తెర లేదు, లైటు లేదు, డోలు దెబ్బ ఒక్కటి పడుతుంది, మనిషి మారిపోతాడు. చుక్క సత్తయ్య గారి కథనాల రికార్డులు దొరికితే వదలకండి. కోస్తాలో అయితే షేక్ నాజర్ (1920–1997) గారి బుర్రకథ వినండి. తంబురా భుజాన వేసుకుని కథ, పాట, ఆట మూడూ ఒక్కడే మోసిన మనిషి.

దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర 2022లో పద్మశ్రీ వచ్చాక చాలామందికి తెలిసింది. సొరకాయ బుర్రలు కట్టిన వాయిద్యం అది. అది పక్కన పెట్టుకుని వీణ వినండి, రెండూ ఎంత దగ్గర చుట్టాలో తెలుస్తుంది.

మా అబ్బాయి వినే ర్యాప్ భరించలేకపోతున్నాను.

ట్యూను వెతక్కండి, అక్కడ పట్టు మాట, దరువు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక పార్టీలో కూల్ హెర్క్ అనే కుర్రాడు రికార్డులు వేశాడు. డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్క రాగానే జనం ఊగిపోతారని అతను గమనించాడు. అందుకని ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పేవాడు. ర్యాప్ పుట్టిన హిప్ హాప్‌కి అదే పునాది అంటారు. ప్రాసలో, యతిలో పుట్టి పెరిగిన మనకి అది పరాయిది కాకూడదు. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క పాట సాహిత్యం లైను లైనుకీ వివరించమనండి. మా గుంపులోని ఇంజినీరింగ్ కుర్రాడు అలా వివరించిన రోజున ఇద్దరు టీచర్లు కాగితం మీద అంత్యప్రాసలు గీతలు గీసి చూపించారు. వాడి ముఖంలో ఆ రోజు కనపడిన సంతోషం నేను మరిచిపోలేను.

ఎన్నిసార్లు విని వదిలేయాలి?

మేం పెట్టుకున్న లెక్క అయిదు, అదీ వేర్వేరు రోజుల్లో. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో అర్థం తెలియని అక్షరాలు, మాటలు మనుషులకి చూపించాడు. ఎక్కువసార్లు కనపడినవే వాళ్లకి మంచివిగా అనిపించాయి. పరిచయానికి అంత బలం ఉంది. అయితే చిరాకులో ఉన్నప్పుడు పంతానికి వినొద్దు, చిరాకే అలవాటవుతుంది. వంట చేస్తూ నేపథ్యంలో అయిదుసార్లు పెట్టుకున్నది కూడా లెక్కలోకి రాదు.

అయిదుసార్లూ విన్నాను. నచ్చలేదు.

అయితే నచ్చలేదని చెప్పండి, 'బాగాలేదు' అని మాత్రం అనకండి. నాకు ఆపెరా గొంతులు ఇప్పటికీ ఎక్కవు. ఆ గాయని మైకు లేకుండా పెద్ద ఆర్కెస్ట్రాని దాటి ఆఖరి వరస దాకా వినపడాలి, అందుకే గొంతు అలా పెడుతుందని తెలుసు. తెలిశాక గౌరవం వచ్చింది, ఇష్టం రాలేదు. రెండేళ్లకోసారి మళ్లీ విని చూస్తాను.

ఫోన్లో వింటే సరిపోతుందా?

ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. తంబూరా, మృదంగం ఎడమ పక్క గుమ్మనే నాదం, వయొలిన్ కంటే పెద్దవై లోతుగా పలికే చెల్లో, డబుల్ బేస్ ఇవేవీ అందులోంచి రావు. మామూలు ఇయర్‌ఫోన్లయినా చాలు. యాప్ మీకు నచ్చినలాంటివే చూపిస్తుంది కాబట్టి మీరే పేరు కొట్టి వెతకాలి.

సభలో ఎప్పుడు చప్పట్లు కొట్టాలి?

కర్ణాటక కచేరీలో ఆలాపన అయ్యాక, వయొలిన్ వంతు అయ్యాక, తని తర్వాత కొట్టొచ్చు. తాళం వేయొచ్చు, తల ఊపొచ్చు. హిందుస్తానీలో నచ్చిన చోట నోరారా 'వాహ్' అంటే పాడేవాళ్లు సంతోషిస్తారు. పాశ్చాత్య కచేరీలో సింఫనీ భాగాల మధ్య చప్పట్లు కొట్టరు, అన్నీ అయ్యే దాకా ఆగాలి. ఒగ్గు కథలో ఎప్పుడైనా సరే.

ఇంట్లో ఇలాంటి సాయంత్రం మొదలుపెట్టాలంటే మొదటి రోజు ఏం పెట్టాలి?

నలుగురు చాలు, గంట చాలు. మేం మొదట్లో చేసిన తప్పు ఒక్కరోజే పది రకాలు వినిపించడం. ఎవరికీ ఏదీ గుర్తులేదు. ఇప్పుడు ఒక సాయంత్రం మూడే పెడతాం, ఒక్కోటి రెండుసార్లు. మొదటిసారి విన్నాక ఎవరూ బాగుంది, బాగాలేదు అనకూడదు. ఏం వినపడిందో చెప్పాలి: 'అడుగున ఏదో నడుస్తోంది', 'మధ్యలో ఆగింది', 'ఊపిరి వినపడింది'. తర్వాత తెచ్చినవాళ్లు పట్టు ఎక్కడో ఒక్క వాక్యంలో చెప్తారు. రెండోసారి వింటాం.

కొత్తవాళ్లు ఉన్న రోజున నేను జర్మన్ స్వరకర్త బాఖ్ ఒంటరి చెల్లో కోసం రాసిన వాటిలో ఒకటి పెడతాను. ఒకే వాయిద్యం, మూడు నిమిషాలు. ఆ ప్రతులు 1890లో బార్సిలోనాలో పాత కాగితాల కొట్లో తర్వాత పెద్ద చెల్లో విద్వాంసుడైన పాబ్లో కసాల్స్‌కి పదమూడేళ్ల వయసులో దొరికాయి. పన్నెండేళ్లు రోజూ సాధన చేశాకే వాటిని జనం ముందు వాయించే ధైర్యం వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. దాని తర్వాత త్యాగరాజ కృతి పల్లవి ఒక్కటి. మూడోది వచ్చినవాళ్లలో పెద్దవాళ్లు తెచ్చింది. పోయిన నెల ఒకావిడ పాత టేపు తెచ్చింది. వాళ్ల నాన్నగారు నలభై ఏళ్ల కిందట ఊళ్లో పాడిన పద్యం. టేపు రికార్డరు కోసం పక్కింటికి వెళ్లాల్సి వచ్చింది. రెండుసార్లు విన్నాం, మూడోసారి పెట్టమని ఇంజినీరింగ్ కుర్రాడే అడిగాడు.